గంట లేని గది

మా అమ్మ ఆ రోజు తల దువ్వుకోవడానికి అంతసేపు ఎందుకు తీసుకుందో మ్యూజియంలోకి వెళ్ళేదాకా నాకు తెలియలేదు. బయట కారు ఎండకి కాగుతోంది. నేను కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతూ, "పెళ్ళిచూపులకి వెళ్తున్నామా అమ్మా, మ్యూజియానికా?" అని అరిచాను. లోపలి నుంచి రెండుసార్లు చప్పట్లు వినిపించాయి. ఒకసారి కొడితే ఇలా రమ్మని. రెండుసార్లు కొడితే నోరు ముయ్యమని. అమ్మ గొంతుకి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ మా ఇంట్లో నడుస్తున్న భాష అది.

గొంతులో గడ్డ తీసేశారు. మనిషి దక్కింది, గొంతు పోయింది. ఇప్పుడు అమ్మ ఏదైనా చెప్పాలంటే మన చెవి తీసుకెళ్ళి ఆమె నోటి దగ్గర పెట్టాలి. గాలి తప్ప శబ్దం ఉండదు. ఆ గాలితోనే నన్ను తిట్టడం మాత్రం మానలేదు. ఒకప్పటి ఆమె గొంతు తెలిసినవాళ్ళు మాత్రం ఆ గాలి వినలేరు.

ఎందుకంటే ఆ గొంతే ఆమె ఉద్యోగం. ఇప్పుడు మ్యూజియం చేసిన ఆ పాత ఆయుధశాలలో, వెనక పెరటివైపు విడిగా మందుగుండు గది ఉండేది. పెద్దవాళ్ళొస్తే గౌరవానికి పేల్చే వందన తోపులకి కావలసిన నల్లమందుని అక్కడ గుడ్డ సంచుల్లో నింపి కుట్టేవాళ్ళు. మిగతా షెడ్లన్నింటికీ పని ముగిసే వేళకి గంట కొట్టేవారు. మందుగుండు గదికి మాత్రం గంట లేదు. గంట ఠంగుమంటే మనిషి ఉలిక్కిపడతాడు. ఉలిక్కిపడితే చేతిలో చెక్క గరిటె వణుకుతుంది, మందు నేల మీద ఒలుకుతుంది. అందుకని అక్కడ గంటకి బదులు ఒక మనిషిని పెట్టారు. ఆ మనిషి మా అమ్మ.

అందరూ ఆమెని గంటమ్మ అనేవాళ్ళు. అసలు పేరు జీతం ఇచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. నేను గంటమ్మ కూతుర్ని. బళ్ళో పిల్లలు నన్ను చిరుగంట అనేవాళ్ళు, నేను వాళ్ళని రక్కేదాన్ని.

పిలుపు రెండే మాటలు. "చాలించండో... చేతులూ!" అంతే. కానీ అందులో పనితనమంతా మొదట్లో ఉంది. పొయ్యి మీద పాలు పొంగు వచ్చినట్టు, ఎప్పుడు మొదలైందో తెలియకుండా కింద నుంచి లేవాలి. వింటున్నవాడికి తాను ఇంతసేపూ దాన్ని వింటూనే ఉన్నాననిపించాలి. అప్పుడు ఎవరూ ఉలిక్కిపడరు. గరిటె పళ్ళెంలో పెడతారు, రెండు చేతులూ పైకెత్తి అరచేతులు చూపిస్తారు. అమ్మ గుమ్మం పక్కనున్న చెక్క మెట్టు మీద నిలబడి ఒక్కొక్కరి చేతులూ చూసి, అన్నీ ఖాళీగా ఉన్నాయని నమ్మకం కుదిరాక తల ఊపేది. ఆమె తల ఊపేదాకా మేస్త్రీ అయినా సరే చేతులు దించడానికి వీల్లేదు.

ఇంటి దగ్గరా ఇదే తంతు. పొద్దు గుంకేవేళ వీధిలో ఆడుకుంటుంటే, ఆ పిలుపు మా మేడ మెట్ల మీద నుంచి లేచేది. వీధిలో పిల్లలందరూ ఆట ఆపేసి వెక్కిరింతగా చేతులు పైకెత్తేవాళ్ళు. నేను సిగ్గుతో చచ్చిపోతూ ఇంటికి పరిగెత్తేదాన్ని. గుమ్మంలో అమ్మ నిలబడి ఉండేది. అరచేతులు చూపించాలి. "వెనక్కి తిప్పు" అనేది. గోళ్ళలో మట్టి కూడా చూశాకే తల ఊపేది. ఆ రోజులు నాకు ఎంతిష్టమో, అవి జరుగుతున్నప్పుడు ఒక్క రోజు కూడా తెలియలేదు.

మ్యూజియం నుంచి ఫోను నాకే వచ్చింది. ఒకమ్మాయి, అక్కడ అన్నీ చూసుకునే మేడమ్. పాత పనివాళ్ళందరినీ పిలుస్తున్నామనీ, ప్రతి షెడ్డులోనూ అప్పటి చప్పుళ్ళు వినిపించేలా ఏర్పాటు చేస్తున్నామనీ, మందుగుండు గదికి అమ్మగారి పిలుపు రికార్డు చేసుకుంటామనీ చెప్పింది. గొంతు పోయిన సంగతి చెప్పాను.

"అయ్యో! అయినా తీసుకురండి. ఆవిడ వస్తే చాలు. ఆ గదికి ఏదో ఒక చప్పుడు పెట్టాలి కాబట్టి, గంట పెట్టిద్దాం అనుకుంటున్నాం" అంది.

అన్నాల దగ్గర ఈ మాట అమ్మకి నవ్వులాటగా చెప్పాను. ఆమె చెయ్యి కంచంలో ఆగిపోయింది. వంగి నా చెవి దగ్గరికి వచ్చింది.

"గంటా? ఆ గదిలోనా?"

"ఇప్పుడక్కడ మందేముందమ్మా, జనం చూసిపోవడానికే కదా."

"వినేవాళ్ళు అక్కడ గంట ఉండేదనుకుంటారు. నేను లేననుకుంటారు."

మర్నాటి నుంచి అమ్మ ఉప్పునీళ్ళు పుక్కిలించడం మొదలుపెట్టింది. స్నానాలగదిలో కొళాయి పూర్తిగా తిప్పి, తలుపు గడియ పెట్టుకుని ఏదో చేసేది. నేను విననట్టే ఉన్నాను, వినడానికి నిజంగా ఏమీ లేదు కూడా. ఇక రాదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. అది నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు. ఆశకి డాక్టర్ల మాట లెక్కలేదు. అక్కడికెళ్ళి అందరి ముందూ నోరు తెరిచి గాలి వదిలితే ఎలా తట్టుకుంటుందోనని నాకు రోజూ భయంగా ఉండేది.

మ్యూజియం గేటు దగ్గర, ఒకప్పుడు కాపలావాళ్ళు కూర్చునే గదిలో టిక్కెట్లు అమ్ముతున్నారు. లోపల రాతిగోడలు మనిషి బారంత మందం. కిటికీలు పైన, చేతికందనంత ఎత్తున ఉన్నాయి. పొడుగాటి హాల్లో తోపులు వరసగా తళతళలాడుతున్నాయి. అద్దాల బీరువాల్లో తలలేని బొమ్మలకి యూనిఫారాలు తొడిగారు, బొత్తాలు కూడా మెరుస్తున్నాయి. అమ్మ కత్తుల్నీ కటార్లనీ కన్నెత్తయినా చూడలేదు. సంతలో తనకి పనిలేని దుకాణాలు దాటినట్టు దాటుకుంటూ పోయింది.

ఒక తోపుబండి దగ్గర మాత్రం ఆగింది. మా నాన్న అక్కడ చక్రాల వడ్రంగి. ఆయన పోయి చాలా కాలమైంది. అమ్మ అడ్డంగా కట్టిన తాడు కింద నుంచి చెయ్యి పెట్టి, చక్రపు ఆకుల్లో, ఆ చెక్క ఊచల్లో, ఒకదాన్ని నిమిరింది. ఒకసారి చప్పట్లు కొట్టింది. వెళ్ళి చెవి పెట్టాను.

"ఈ ఆకు మీ నాన్న చెక్కిందే."

"ఎలా తెలుసు?"

"తెలీదు. అనుకుంటే నీ సొమ్మేం పోయింది?"

నవ్వొచ్చింది నాకు. నాన్న షెడ్డులో గంట మోగినా లేచేవాడు కాదట. పెరటి అవతల నుంచి అమ్మ పిలుపు వినిపించాకే ఉలి కింద పెట్టేవాడట. మిగతా వడ్రంగులు "నీకు వేరే టైమా?" అని ఏడిపించేవాళ్ళట. ఇది నాన్నే చెప్పేవాడు, చెప్పిన ప్రతిసారీ అమ్మ మొహం తిప్పుకునేది. ఇప్పుడు కూడా తిప్పుకుంది. కళ్ళు తుడుచుకోవడం నేను చూడనట్టు, పక్కనున్న బోర్డు చదువుతున్నట్టు నటించాను.

పెరడు దాటాక మందుగుండు గది. గుమ్మం పక్కన గోడకి చిన్నచిన్న చెక్క గూళ్ళు అలాగే ఉన్నాయి. వెనకటికి లోపలికి వెళ్ళేవాళ్ళు ఒంటి మీద ఇనుమన్నది లేకుండా అన్నీ ఆ గూళ్ళలో పెట్టి, గుడ్డ చెప్పులు తొడుక్కుని వెళ్ళేవాళ్ళు. ఎక్కడ నిప్పురవ్వ లేస్తుందోనని భయం. ఇప్పుడు నేల పాడవకుండా, చూడవచ్చిన వాళ్ళకీ గుడ్డ చెప్పులే ఇస్తున్నారు. అమ్మ గబగబా తొడుక్కుని, నా వైపు తిరిగి చెయ్యి చాపింది. అప్పుడు చూశాను. ఆమె చెవులకి దుద్దుల్లేవు. చేతికి వాచీ లేదు. జుట్టులో ఒక్క పిన్ను కూడా లేదు. పొద్దున అంతసేపు తంటాలుపడి, గుడ్డ పీలికతో ముడి కట్టుకుని వచ్చింది. ఉద్యోగానికి వెళ్ళినట్టు వచ్చింది మా అమ్మ.

"ఏంటమ్మా, నా కారు తాళాలు కూడానా? ఇప్పుడు లోపల పేలడానికి ఏముంది?"

రెండుసార్లు చప్పట్లు. తాళాలు గూట్లో పెట్టాను. వాచీ కూడా పెట్టాను.

లోపల ఆ గదిని మొదటిసారి చూశాను. చిన్నప్పుడు పిల్లల్ని పెరట్లోకి కూడా రానిచ్చేవారు కాదు. చెక్క నేల, దానికి మేకులు లేవు, చెక్క సీలలే. పొడుగాటి బల్లలు, వాటి మీద చెక్క గరిటెలు, పళ్ళేలు, ఖాళీ గుడ్డ సంచులు. గుమ్మం పక్కన మెట్టు. మధ్యలో కాళ్ళు పెట్టి పెట్టి గుంటపడింది. ఇంత చిన్న మెట్టు మీద నుంచా నా చిన్నతనమంతా వినిపించిందీ అనుకున్నాను.

పాతవాళ్ళు అప్పటికే వచ్చి బల్లల చుట్టూ కూర్చుని ఉన్నారు. పొట్టి మేస్త్రీ, అంటే ఆ గదిలో అందరికన్నా పొడుగాయన. ఇప్పుడు నడుం వంగి పేరుకి న్యాయం చేశాడు. నశ్యం మామయ్య, మందు దగ్గర బీడీ కాల్చడానికి వీల్లేదని నశ్యం మరిగినవాడు. తుమ్మొస్తే పెరట్లోకి పరిగెత్తేవాడట. ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని సంచులు కుట్టిన అక్కచెల్లెళ్ళు ఇద్దరు. నాకు వాళ్ళిద్దరూ పిన్నులే. ఇంకా నలుగురైదుగురు. అమ్మని చూడగానే అందరూ లేచారు.

"గంటమ్మా! ఎన్నాళ్ళకి! ఇంకా పళ్ళన్నీ ఉన్నాయే నీకు!" అన్నాడు నశ్యం మామయ్య.

అమ్మ నవ్వి, అతని ముక్కు కేసి చూపించి బయటికి పొమ్మన్నట్టు వేలు ఊపింది. అందరూ గొల్లున నవ్వారు. ఆమె గొంతు సంగతి తెలిసిన పెద్ద పిన్ని మాత్రం నవ్వలేదు. దగ్గరికి వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడింది.

మేడమ్ చేతిలో చిన్న రికార్డరు పట్టుకుని వచ్చింది. నెమ్మదస్తురాలు. అమ్మ ముందు వంగి, "మీరు వచ్చారు, అదే సంతోషం అమ్మగారూ. మీరు నిలబడే చోటు మాత్రం చూపించండి, చాలు" అంది.

అమ్మ మెట్టు ఎక్కింది. చోటు చూపించడానికి ఎక్కలేదని నాకు తెలుసు. పాదాలు ఆ గుంటలో వాటంతట అవే ఒదిగాయి. వీపు నిటారుగా పెట్టింది, గడ్డం కాస్త దించింది. పెద్దవాళ్ళందరూ ఎవరో చెప్పినట్టు బల్లల ముందు కూర్చుని గరిటెలూ సంచులూ చేతిలోకి తీసుకున్నారు. మేడమ్ రికార్డరు ఆన్ చేసింది.

అమ్మ నోరు తెరిచింది.

మెడ నరాలు ఉబ్బాయి. పెదవులు ఆ రెండు మాటలూ పలికాయి. గాలి వచ్చింది, కిటికీ సందులోంచి వచ్చినంత. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ గాలే. మూడోసారి దగ్గు వచ్చింది. ఎవరూ కదల్లేదు. ఆమె దగ్గు ఆగేదాకా మేస్త్రీ తల వంచుకుని చేతిలో గరిటెనే చూస్తున్నాడు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఎవరి మీద కోపమో తెలియదు, గడ్డ మీదేమో.

"పర్లేదు అమ్మగారూ, వద్దు, శ్రమపడకండి" అంది మేడమ్. రికార్డరు ఆపబోయింది.

అమ్మ ఒకసారి చప్పట్లు కొట్టింది. నేను వెళ్ళి చెవి పెట్టాను.

"నువ్వు పిలువు."

"నేనా? నాకు రాదమ్మా."

"పుట్టినప్పట్నుంచి విన్నావు. రాకపోవడమేంటి? ఎక్కు."

"అమ్మా, నలుగురిలో..."

"గంట పెడతారే!" అంది. అది తిట్టు కాదు. బతిమాలడం. మా అమ్మ నన్ను బతిమాలడం నేను ఎరగను.

ఆమె మెట్టు దిగింది. నేను ఎక్కాను. ఒక సంగతి చెప్పాలి. నేను డ్రైవింగ్ నేర్పుతాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పక్క సీట్లో కూర్చుని "బ్రేకు! బ్రేకు!" అని అరవడమే నా వృత్తి. నా గొంతు విని కుక్కలు రోడ్డు దాటడం మానేస్తాయని నా దగ్గర నేర్చుకునేవాళ్ళు చెప్పుకుంటారు. అందుకని గొంతుకి కొదవ లేదనుకున్నాను. ఊపిరి పీల్చి, "చాలించండో!" అని ఒక్క కేక పెట్టాను.

గది అదిరింది. చిన్న పిన్ని చేతిలో సంచి ఎగిరి నేల మీద పడింది. మేస్త్రీ గుండె పట్టుకున్నాడు. నశ్యం మామయ్య డబ్బా మూత ఊడి నశ్యమంతా చొక్కా మీద ఒలికింది.

"ఓసి నీ దుంపతెగ! ఆ కేకకి మనమందరం ఈపాటికి ఆకాశంలో ఉండేవాళ్ళమే అమ్మాయ్!" అన్నాడు. ఆపైన వరసగా తుమ్ములు.

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. మేడమ్ కూడా. నేను నవ్వలేదు. అమ్మ కూడా నవ్వలేదు. మెట్టు దగ్గరికి వచ్చి, చెయ్యి నా పొట్ట మీద ఆనించి కిందికి నొక్కింది. ఇక్కడి నుంచి, అని. తర్వాత అరచెయ్యి బోర్లా పెట్టి, నేలకి దగ్గర నుంచి నెమ్మదిగా పైకి తెచ్చింది. పాల పొంగులా, అని. నా కళ్ళలోకే చూస్తోంది. ఆ చూపులో ఉప్పునీళ్ళూ, కొళాయి చప్పుడూ, పొద్దున అద్దం ముందు తంటాలూ అన్నీ కనిపించాయి నాకు. ఈ పిలుపు ఇప్పుడు పోతే ఇక ఎవరి దగ్గరా ఉండదు.

కళ్ళు మూసుకున్నాను. మ్యూజియాన్నీ తోపుల్నీ మర్చిపోయి, మా మేడ మెట్లని తలుచుకున్నాను. పొద్దు గుంకుతోంది. వీధిలో దుమ్ము. నా మోకాలు చీరుకుపోయి ఉంది, ఇంకొక్క ఆట ఆడాలని ఉంది. అప్పుడు ఎక్కడి నుంచో, ఎప్పటి నుంచి వస్తోందో తెలియకుండా వస్తుందే, ఆ గొంతు. దాన్ని నేను పిలవలేదు. అది వస్తుంటే దారి ఇచ్చానంతే. కిందనే మొదలైంది, నాకే సరిగా వినపడనంత కింద. లేచింది. గోడల దాకా వెళ్ళి నిండింది.

"చాలించండో... చేతులూ!"

కళ్ళు తెరిచాను.

ఎవరూ ఉలిక్కిపడలేదు. గరిటెలు ఒక్కొక్కటే పళ్ళేల్లోకి దిగాయి, చప్పుడు లేకుండా. తర్వాత చేతులు లేచాయి. మేస్త్రీవి వణుకుతూ లేచాయి. నశ్యం మామయ్య కుడి భుజం సగం దాకే లేస్తుంది, దాన్ని ఎడమ చేత్తో ఎత్తిపట్టుకున్నాడు. పిన్నులిద్దరివీ ఒకేసారి లేచాయి. ముసలి అరచేతులు, గీతలు పడి, నా కేసి తిరిగి ఉన్నాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మేడమ్ కూడా ఎత్తేసింది, రికార్డరుతో సహా.

"అది కింద పెట్టు తల్లీ. చేతులు ఖాళీగా ఉండాలి" అన్నాడు మేస్త్రీ గుసగుసగా. ఆమె దాన్ని బల్ల మీద పెట్టి మళ్ళీ ఎత్తింది. దాని ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

అమ్మ వాళ్ళ మధ్య నిలబడి ఉంది. ఇన్నేళ్ళూ ఆమె ఈ చేతుల్ని మెట్టు మీద నుంచే చూసింది. పక్కన నిలబడి ఎప్పుడూ చూడలేదు. ఒక్కొక్కరినే చూసింది, ఎవరైనా తప్పిపోయారేమో వెతుకుతున్నట్టు. చాలామందే తప్పిపోయి ఉంటారు. తర్వాత నా వైపు తిరిగి, తన రెండు చేతులూ నెమ్మదిగా పైకెత్తింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆమెని చేతులు చూపించమన్నవాళ్ళు లేరు. చూసేది ఆమే కాబట్టి.

అలాగే చూస్తూ ఉండిపోయాను.

"ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా, బాగానే ఉంది గాని" అన్నాడు నశ్యం మామయ్య, "తల ఊపు అమ్మాయ్! చేతులు పడిపోతున్నాయి!"

నేను అప్పటికీ ఊపలేదు. అమ్మ చేతుల్నే చూస్తున్నాను. చూస్తుండగా ఆమె వాటిని, నేను అడక్కుండానే, వెనక్కి తిప్పి గోళ్ళు చూపించింది.

తల ఊపాను.